పిల్లల్లో టిక్స్‌కు రోగనిరోధక వ్యవస్థ కారణమా? తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విజయనగరంలో ఒక బడిలో పాఠాలు చెబుతాను. డాక్టరును కాను. మా అబ్బాయికి ఆరేళ్ళ వయసులో కళ్ళు టపటపా ఆర్పడం మొదలైంది. ఆ తరువాత భుజం ఎగరేయడం, ఆపైన గొంతు సవరించుకోవడం. ఇప్పుడు వాడికి 13 ఏళ్ళు. ఈ ఏడేళ్ళలో మా బడిలోనూ, చీపురుపల్లి, రాజాం, ఆమదాలవలస వైపు బంధువుల ఇళ్ళలోనూ నన్ను పక్కకు పిలిచి మాట్లాడిన తల్లులు చాలామంది. చేతిలో రక్తపరీక్ష కాగితం పట్టుకుని, కళ్ళనీళ్ళతో అడిగినవారే ఎక్కువ. వారు అడిగినవే ఇక్కడ రాస్తున్నాను. చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నంత మేరకు జవాబులు ఇస్తున్నాను.

టిక్స్ అంటే ఏమిటి? అది చెడు అలవాటు కాదా?

చెడు అలవాటు కాదు. ఉన్నట్టుండి వచ్చే, పదేపదే వచ్చే చిన్న కదలికను గానీ శబ్దాన్ని గానీ టిక్ అంటారు. కళ్ళు ఆర్పడం, ముఖం చిట్లించడం, మెడ విదిలించడం, భుజం ఎగరేయడం కదలికలు. గొంతు సవరించుకోవడం, ముక్కు ఎగబీల్చడం, చిన్నగా కూత పెట్టడం శబ్దాలు. మావాడు ఎనిమిదేళ్ళప్పుడు ఇలా చెప్పాడు: "అమ్మా, భుజం లోపల దురదలాగా ఉంటుంది, ఎగరేస్తే పోతుంది, మళ్ళీ వస్తుంది." కాసేపు ఆపగలరు, కానీ ఆపినంతసేపూ ఆ దురద పెరుగుతూనే ఉంటుంది. బడిలో బిగపట్టుకుని, ఇంటికి రాగానే వరసగా చేసే పిల్లలు అందుకే కనబడతారు.

సాధారణంగా నాలుగు నుంచి ఆరేళ్ళ మధ్య మొదలవుతాయి. 10 నుంచి 12 ఏళ్ళ మధ్య బాగా ఎక్కువై, యౌవనంలోకి వచ్చేసరికి చాలామందిలో తగ్గుతాయి. అమ్మాయిల కంటే అబ్బాయిల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఏడాది లోపు పోయేవే చాలా. రకరకాల కదలికలతో పాటు కనీసం ఒక శబ్దపు టిక్ కూడా వచ్చి, మొదలై ఏడాది దాటితే దాన్ని టూరెట్ సిండ్రోమ్ అంటారు. 1885లో తొమ్మిది మంది రోగుల గురించి రాసిన ఫ్రెంచి వైద్యుడు జార్జ్ జిల్ ద లా టూరెట్ పేరు అది. టూరెట్ అనగానే బూతులు మాట్లాడే జబ్బు అనుకుని భయపడతారు. ఆ లక్షణం కొద్దిమందిలోనే ఉంటుంది.

వీటిలో ముఖ్యంగా గుర్తుపెట్టుకోవలసిన గుణం ఒకటుంది. టిక్స్ తమంతట తామే పెరుగుతాయి, తమంతట తామే తగ్గుతాయి, ఒక చోటు వదిలి మరో చోట మొదలవుతాయి. మేము చేసిన పొరపాట్లలో సగం ఈ గుణం తెలియకపోవడం వల్ల చేసినవే.

మరి రోగనిరోధక వ్యవస్థ ప్రస్తావన ఎక్కడి నుంచి వచ్చింది?

ఒక పాత జబ్బు నుంచి వచ్చింది. స్ట్రెప్టోకాకస్ (క్లుప్తంగా స్ట్రెప్) అనే సూక్ష్మజీవి వల్ల పిల్లలకు గొంతు నొప్పి, జ్వరం వస్తాయి. దాని మీద దాడికి శరీరం యాంటీబాడీలను తయారుచేస్తుంది. ఆ సూక్ష్మజీవి పైపొరలో ఉండే కొన్ని ప్రొటీన్లకు, మన శరీరంలోని కొన్ని భాగాలకు పోలిక ఉంది. దొంగను పట్టుకోమని పంపిన కాపలావాళ్ళు, అదే రంగు చొక్కా వేసుకున్న ఇంటివాడి మీద పడినట్టు, ఆ యాంటీబాడీలు కొందరు పిల్లల్లో కీళ్ళ మీద, గుండె కవాటాల మీద, అప్పుడప్పుడు మెదడు లోపలి బేసల్ గాంగ్లియా అనే భాగం మీద పడతాయి. దీన్ని రుమాటిక్ జ్వరం అంటారు. మెదడు మీద పడినప్పుడు వచ్చే వంకర కదలికల జబ్బు సిడెన్‌హామ్ కొరియా. 17వ శతాబ్దంలో దాన్ని వర్ణించిన ఆంగ్ల వైద్యుడు థామస్ సిడెన్‌హామ్ పేరు మీద ఆ పేరు వచ్చింది.

టిక్స్‌కు కూడా బేసల్ గాంగ్లియాతో సంబంధం ఉంది. కదలికల్లో ఏది బయటికి రావాలో, ఏది ఆగాలో తేల్చే చోటు అది. ఈ కొరియా జబ్బులో రోగనిరోధక వ్యవస్థ అక్కడ పొరపాటు చేస్తున్నప్పుడు, కొందరు పిల్లల టిక్స్‌లోనూ అదే జరుగుతోందా అని శాస్త్రవేత్తలు అడిగారు. న్యాయమైన ప్రశ్న.

పాండాస్ అనే పేరు విన్నాను. అదేమిటి?

అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేసిన సూసన్ స్వీడో, ఆమె తోటివారు 1998లో 50 మంది పిల్లల గురించి ఒక వ్యాసం ప్రచురించారు. స్ట్రెప్ ఇన్ఫెక్షన్ తరువాత హఠాత్తుగా టిక్స్ గానీ, చేతులు పదేపదే కడుక్కోవడం వంటి, వద్దనుకున్నా చేసిందే చేయించే ఓసీడీ అనే మానసిక సమస్య గానీ మొదలైన పిల్లలు వారు. ఆ లక్షణాల సముదాయానికి పెట్టిన పేరే పాండాస్. ఇన్ఫెక్షన్‌తో ముడి ఉందని తేల్చడం కష్టమైపోవడంతో 2012లో పాన్స్ అనే మరో పేరు తెచ్చారు. అందులో స్ట్రెప్ తప్పనిసరి కాదు. రాత్రికి రాత్రే వచ్చిపడే ఓసీడీ గానీ, తిండి మానేయడం గానీ ప్రధాన లక్షణం. దానితో పాటు అమ్మను విడవలేకపోవడం, చేతిరాత పాడవడం, మాటిమాటికి మూత్రానికి వెళ్ళడం, నిద్ర పట్టకపోవడం వంటివి కొన్ని ఉండాలి.

ఇక్కడ "హఠాత్తుగా" అన్న మాట మీద మీ దృష్టి నిలవాలి. ఏ రోజు మొదలైందో తల్లి తేదీతో సహా చెప్పగలిగేంత హఠాత్తుగా. ఆర్నెల్లుగా కళ్ళు ఆర్పుతూ, మధ్యలో మానేసి, మళ్ళీ మొదలుపెట్టిన పిల్లవాడికి ఈ పేరు పెట్టడం సరికాదు. పాండాస్ విడిగా ఒక జబ్బేనా కాదా అన్న విషయం మీద డాక్టర్ల మధ్యనే ఇప్పటికీ గట్టి వాదన నడుస్తోంది.

మా పాపకు గొంతు నొప్పి వచ్చిన వారానికే టిక్స్ పెరిగాయి. అయితే అదే కారణం కదా?

నేనూ సరిగ్గా ఇలాగే అనుకున్నాను, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

బడికి వెళ్ళే పిల్లలకు ఏడాదిలో ఎన్నోసార్లు జలుబు, గొంతు నొప్పి వస్తాయి. టిక్స్ కూడా ఏడాదిలో ఎన్నోసార్లు పెరిగి తగ్గుతాయి. తరచుగా వచ్చే రెండు విషయాలు పక్కపక్కనే రావడం విడ్డూరం కాదు. నిజంగా ముడి ఉందో లేదో తెలియాలంటే చాలామంది పిల్లలను చాలాకాలం పాటు, గొంతు బాగున్నప్పుడూ బాగులేనప్పుడూ గమనించాలి.

యూరప్‌లో అలా చేశారు. ఎమ్‌టిక్స్ అనే అధ్యయనంలో, టిక్స్ ఉన్న 3 నుంచి 16 ఏళ్ళ పిల్లలు 715 మందిని గొంతు పరీక్షలతో, రక్త పరీక్షలతో ఏడాదికి పైగా వెంబడించారు. 2021లో ఫలితం వచ్చింది: స్ట్రెప్ సోకడానికి, టిక్స్ పెరగడానికి మధ్య సంబంధం కనబడలేదు. టిక్స్ ఉన్న పిల్లల తమ్ముళ్ళను, చెల్లెళ్ళను, అంటే ముందుముందు టిక్స్ వచ్చే అవకాశం ఎక్కువున్నవారిని, విడిగా గమనించారు. వారిలోనూ కొత్తగా టిక్స్ మొదలవడానికి స్ట్రెప్ కారణమని తేలలేదు.

రెండో వైపు చెప్పకపోతే తప్పవుతుంది. డెన్మార్క్‌లో 10 లక్షలకు పైగా పిల్లల ఆరోగ్య వివరాలను పరిశీలించి 2017లో ప్రచురించారు. స్ట్రెప్ పరీక్షలో పాజిటివ్ వచ్చిన పిల్లల్లో తరువాతి కాలంలో ఓసీడీ, టిక్స్ కొంత ఎక్కువగా కనిపించాయి. అయితే స్ట్రెప్ కాని గొంతు నొప్పి వచ్చినవారిలోనూ కొంత పెరుగుదల ఉంది. అంటే ప్రత్యేకంగా ఆ ఒక్క సూక్ష్మజీవి పనా, లేక ఏ జబ్బు చేసినా శరీరం పడే శ్రమ, నిద్రలేమి పనా అన్న అనుమానం మిగిలే ఉంది. జ్వరం, అలసట, నిద్ర తక్కువ కావడం, పరీక్షల భయం, పెద్ద సంతోషం కూడా టిక్స్‌ను పెంచుతాయి. మావాడికి పైడితల్లి అమ్మవారి సిరిమాను రోజున, ఆ జనంలో, ఆ ఉత్సాహంలో భుజం ఆగేది కాదు. ఆ రోజు వాడికి ఏ జబ్బూ లేదు.

అయితే రోగనిరోధక వ్యవస్థకు సంబంధమే లేదని తేలిపోయిందా?

తేలిపోలేదు. స్ట్రెప్ కథ బలహీనపడింది, అంతే. మెదడులో మైక్రోగ్లియా అనే సొంత కాపలా కణాలుంటాయి. పిల్లలు ఎదిగేటప్పుడు నరాల మధ్య అక్కరలేని సంధులను కత్తిరించి శుభ్రం చేసేవి కూడా అవే. కాబట్టి వాటికి ఇన్ఫెక్షన్లతో పోరాటం ఒక్కటే పని కాదు, మెదడు నిర్మాణంలోనూ వాటా ఉంది. టూరెట్ ఉన్న కొందరి మెదడు కణజాలాన్ని మరణానంతరం పరిశీలించినప్పుడు బేసల్ గాంగ్లియాలో ఆ కణాల చురుకుదనం ఎక్కువగా ఉన్నట్టు కనబడింది. పరిశీలించినది కొద్దిమందిని. అది జబ్బుకు కారణమో, జబ్బు వల్ల వచ్చిన ఫలితమో ఆ పరిశీలన చెప్పలేదు. జన్యువుల పాత్ర మాత్రం పెద్దదని కుటుంబాల మీద, కవలల మీద జరిగిన అధ్యయనాలు గట్టిగా చెబుతున్నాయి. మా మామగారికి చిన్నప్పుడు మెడ విదిలించే అలవాటు ఉండేదని నాకు పెళ్ళయిన పదేళ్ళకు తెలిసింది.

పరిశోధకులకు ఇది ఆసక్తికరమైన దారి. ఈ రోజు మీ బిడ్డకు ఏ మందు వేయాలో చెప్పే స్థాయికి అది ఇంకా రాలేదు.

ఏఎస్‌ఓ పరీక్షలో 400 వచ్చింది. ఇంజెక్షన్లు వేయించాలా?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే.

మావాడికి ఏడేళ్ళప్పుడు ఒక క్లినిక్‌లో ఈ పరీక్ష రాశారు. 420 వచ్చింది. కాగితం మీద "200 లోపు" అని ఉంది, పక్కన నల్లగా నక్షత్రం గుర్తు ఉంది. ఆ గుర్తు చూసి నాకు రాత్రి నిద్ర పట్టలేదు. 21 రోజులకోసారి పెనిసిలిన్ ఇంజెక్షన్ అన్నారు. తొడలో రాయి పెట్టినట్టు ఉంటుందని వాడు ఏడ్చేవాడు, మర్నాడంతా కుంటేవాడు. మూడు ఇంజెక్షన్లు అయ్యేసరికి సంక్రాంతి వచ్చింది, టిక్స్ బాగా తగ్గాయి. మందు పట్టిందని అందరికీ చెప్పాను. జూన్‌లో బడి తెరిచారు. ఇంజెక్షన్లు పడుతూనే ఉన్నాయి, టిక్స్ రెట్టింపయ్యాయి. తొమ్మిది నెలల తరువాత మరో డాక్టరు గారు వాడి గుండెకు ఎకో అనే స్కానింగ్ తీయించి, కదలికలు నిదానంగా చూసి, వీడికి ఇవి అవసరం లేదని ఆపించారు. పెరిగినప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాం, తరువాత అవి సహజంగా తగ్గాయి, ఆ పేరు మందుకు వచ్చింది.

ఏఎస్‌ఓ అంటే స్ట్రెప్‌కు వ్యతిరేకంగా తయారైన ఒక యాంటీబాడీ లెక్క. ఎప్పుడో ఆ సూక్ష్మజీవి శరీరంలోకి వచ్చి వెళ్ళిందని అది చెబుతుంది. ఇన్ఫెక్షన్ వచ్చిన మూడు నుంచి ఐదు వారాలకు బాగా పెరిగి, నెలల తరబడి అలాగే ఉండగలదు. బడి వయసు పిల్లల్లో ఏ జబ్బూ లేనివారికి కూడా 200 దాటడం మామూలే. నా తరగతిలోని 40 మందికి చేయిస్తే ఎంతమందికి నక్షత్రం గుర్తు వస్తుందో! ఆ అంకె ఒక్కటే చూసి టిక్స్‌కు కారణం తేల్చలేరు. టిక్స్‌ను గుర్తించడానికి నిజానికి ఏ రక్తపరీక్షా అక్కరలేదు. చూసి, విని, అడిగి తెలుసుకునే జబ్బు అది.

ఒక్క మాట చాలా జాగ్రత్తగా చదవండి. రుమాటిక్ జ్వరం గానీ, గుండె కవాటాల జబ్బు గానీ, కొరియా గానీ ఉందని తేలిన పిల్లలకు ఇవే ఇంజెక్షన్లు ప్రాణాలు కాపాడతాయి. అలాంటి బిడ్డకు నా కథ చదివి ఇంజెక్షన్లు ఆపేయకండి. ఎన్నేళ్ళు వేయాలన్నది గుండె స్థితిని బట్టి డాక్టరే నిర్ణయించాలి.

మా బిడ్డవి టిక్స్ కాక కొరియా అయితే? తేడా ఎలా తెలుస్తుంది?

తెలుసుకోవాలి. ఒకే గదిలో ఐదారుగురు పడుకునే ఇళ్ళలో, కిక్కిరిసిన హాస్టళ్ళలో స్ట్రెప్ సులువుగా పాకుతుంది. రుమాటిక్ జ్వరం మన దేశంలో ఇంకా పోలేదు.

టిక్ అంటే చేసిన కదలికే మళ్ళీ చేయడం. మీరు దాన్ని అనుకరించి చూపించగలరు. కొరియా అలా ఉండదు. చేతులు, కాళ్ళు, ముఖం ఒక వరస లేకుండా, ఒకదాని నుంచి మరొకదానికి పారుతున్నట్టు కదులుతూనే ఉంటాయి. బిడ్డ ఆపమన్నా ఆపలేదు. చేతిలోని గ్లాసు జారిపోతుంది, అన్నం ముద్ద నోటి దాకా సరిగా రాదు, మొన్నటి దాకా గుండ్రంగా ఉన్న అక్షరాలు గీతలైపోతాయి, మాట ముద్దగా వస్తుంది. నాలుక బయట పెట్టమంటే నిలపలేదు, చటుక్కున లోపలికి వెళ్ళిపోతుంది. మీ వేళ్ళు గట్టిగా పట్టుకోమంటే ఆవు పొదుగు పితికినట్టు పట్టు బిగుస్తూ వదులవుతూ ఉంటుంది. కారణం లేకుండా ఏడుస్తుంది, కోపం తెచ్చుకుంటుంది. కొందరిలో శరీరంలో ఒక పక్కనే కనబడుతుంది. టిక్స్ అబ్బాయిల్లో ఎక్కువైతే, ఇది అమ్మాయిల్లో ఎక్కువ. గొంతు నొప్పి వచ్చిన కొన్ని నెలల తరువాత రావచ్చు కాబట్టి ఆ జ్వరం మీకు గుర్తు కూడా ఉండకపోవచ్చు.

ఇలాంటి బిడ్డను దండించిన ఉపాధ్యాయులను నేను చూశాను. రాత పాడైందని, వస్తువులు పడేస్తోందని. దయచేసి ఆ వారంలోనే పిల్లల డాక్టరుకు చూపించండి, గుండెకు ఎకో తీయించండి. బయటికి గుండె జబ్బు లక్షణాలేవీ లేకపోయినా తీయించాలి.

ఇక జ్వరంతో గందరగోళంగా మాట్లాడటం, ఫిట్స్, మనుషులను గుర్తుపట్టలేకపోవడం, మత్తుగా పడి ఉండటం ఉంటే ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. మెదడు వాపులో కొన్ని రకాలు రోగనిరోధక వ్యవస్థ పొరపాటు వల్లే వస్తాయి. వాటికి చికిత్స ఉంది, ఆలస్యం చేయకూడదు.

ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించాలని ఒకరు చెప్పారు. చాలా ఖర్చట. అప్పు చేయమంటారా?

ఇమ్యునోగ్లోబులిన్ అంటే దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు. మామూలు టిక్స్‌కు అయితే వద్దు. నెదర్లాండ్స్‌లో టిక్స్ ఉన్న 30 మందికి ఇచ్చి చూసి 2004లో ఫలితం ప్రచురించారు. టిక్స్ తగ్గలేదు. పాండాస్ పిల్లల మీద 1999లో వచ్చిన చిన్న అధ్యయనం మంచి ఆశ కలిగించింది. 2016లో 35 మంది పిల్లల మీద చేసిన మరో అధ్యయనంలో ఉత్తుత్తి మందుకు, దీనికి స్పష్టమైన తేడా తేలలేదు. తలనొప్పి, వాంతులు వంటి ఇబ్బందులు దీనితో మామూలే. పొలం తాకట్టు పెట్టే ముందు మరో న్యూరాలజిస్టు అభిప్రాయం తీసుకోండి.

టాన్సిల్స్ తీయిస్తే?

టిక్స్ కోసం తీయించడం వల్ల మేలు జరుగుతుందని రుజువు లేదు. గొంతు కోసం అవసరమైతే అది వేరే విషయం.

గొంతు నొప్పిని పట్టించుకోనక్కరలేదా?

పట్టించుకోవాలి, కానీ గుండె కోసం. స్ట్రెప్ గొంతు నొప్పి అని డాక్టరు చెబితే, రాసిన యాంటీబయాటిక్‌ను పూర్తిగా, అన్ని రోజులూ వాడించండి. మూడో రోజుకే జ్వరం తగ్గిందని మానేయకండి. మిగిలిన గొంతు నొప్పుల్లో చాలావరకు వైరస్‌లవి. వాటికి యాంటీబయాటిక్ పనిచేయదు.

ఇది అలర్జీ అన్నారు. కంటి చుక్కలు, జలుబు మందులు వాడుతున్నాం.

కళ్ళు ఆర్పితే కంటి డాక్టరుకు, ముక్కు ఎగబీలిస్తే ముక్కు డాక్టరుకు, గొంతు సవరించుకుంటే దగ్గు మందుకు వెళ్ళడం దాదాపు ప్రతి ఇంట్లోనూ జరిగేదే. ఒకసారి చూపించడం మంచిదే. చూపు, అలర్జీ తేలిపోతాయి. కన్ను ఎర్రగా లేదు, దురద లేదు, నీరు కారడం లేదు, నెలల తరబడి చుక్కలు వేసినా మార్పు లేదంటే టిక్ గురించి ఆలోచించాలి. అలర్జీలు, ఉబ్బసం ఉన్న పిల్లల్లో టిక్స్ కొంత ఎక్కువగా కనబడతాయని కొన్ని అధ్యయనాలు చెప్పిన మాట నిజమే. అలర్జీకి వైద్యం అలర్జీ కోసం చేయించండి.

నులిపురుగులు, టీకాలు, దిష్టి?

నులిపురుగుల మాత్ర బడిలో ఇచ్చినప్పుడు వేయించండి, మంచిదే. టిక్స్‌కు అది మందు కాదు. రోగనిరోధక వ్యవస్థ మాట వినగానే టీకాలు మానేద్దామా అని ఒక తండ్రి అడిగారు. మానకండి, టిక్స్ ఉన్నాయని టీకా ఆపవలసిన అవసరం లేదు. అమ్మమ్మ దిష్టి తీస్తే నేను అడ్డు చెప్పను. తాయెత్తు కట్టడం వరకు ఆమె ప్రేమ. దెయ్యం పట్టిందని కొట్టడం, కాల్చడం మాత్రం నేరం, ఎవరు చేసినా అడ్డం పడండి.

మరి టిక్స్‌కు చికిత్స ఏమిటి?

చాలామందికి, ఇంట్లో బడిలో విషయం అర్థం చేసుకోవడమే సరిపోతుంది. "ఆపు" అనడం ఆపాలి. ఆ మాట వినగానే ఆ దురద మీదకే బిడ్డ మనసు వెళ్ళి, టిక్ పెరుగుతుంది. ఇది మా ఇంట్లో రోజూ చూశాం. మావారికి ఆ మాట మానడానికి ఏడాది పట్టింది.

నొప్పి పుట్టేంతగా, చదువుకోలేనంతగా, తోటివారు ఏడిపించేంతగా ఉంటే సీబిట్ అనే శిక్షణ ఉంది. టిక్ రాబోయే ముందు వచ్చే దురదను బిడ్డ గుర్తుపట్టి, ఆ కదలికకు అడ్డుపడే మరో కదలికను నేర్చుకోవడం అందులో ప్రధానం. భుజం ఎగరబోతుంటే మోచేతిని ఒంటికి ఆనించి నెమ్మదిగా కిందికి నొక్కి పట్టడం మావాడు నేర్చుకున్నది. 2010లో అమెరికాలో 126 మంది పిల్లల మీద జరిగిన అధ్యయనంలో ఈ శిక్షణ పొందినవారిలో సగానికి పైగా మెరుగయ్యారు. మాటలతో ధైర్యం చెప్పి పంపిన వారిలో ఐదో వంతు కూడా మెరుగవలేదు. తీవ్రంగా ఉంటే క్లోనిడిన్, అరిపిప్రజోల్, రిస్పెరిడోన్ వంటి మందులు డాక్టర్లు రాస్తారు. నిద్రమత్తు, బరువు పెరగడం వంటివి ఉంటాయి కాబట్టి మోతాదు వారి చేతుల్లోనే ఉండాలి.

టిక్స్ కంటే వాటి వెంట వచ్చే ఏకాగ్రత లోపం, ఓసీడీ, భయాలు పిల్లలను ఎక్కువ బాధిస్తాయి. వాటి గురించి విడిగా అడగండి.

బడిలో ఏమని చెప్పాలి?

క్లాసు టీచరుకు నేరుగా చెప్పండి: ఇది కావాలని చేయడం లేదు, అంటదు, తెలివికి సంబంధం లేదు. రాత పరీక్షలో కొద్దిగా అదనపు సమయం, అప్పుడప్పుడు నీళ్ళు తాగి రమ్మని బయటికి పంపడం చాలు. గొంతు శబ్దం చేసే బిడ్డను బెంచీ ఎక్కించి నిలబెట్టకుండా ఉంటే చాలు.

ఇక్కడ ఎవరికి చూపించాలి? ఏమి తీసుకెళ్ళాలి?

ముందు పిల్లల డాక్టరుకు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం ఉన్నాయి. అక్కడి నుంచి అవసరమైతే విశాఖపట్నం కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)కు పంపుతారు. సీబిట్ నేర్పే మనస్తత్వ నిపుణుల కోసం చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాలలో అడగవచ్చు. అది పిచ్చాసుపత్రి, మా బిడ్డను తీసుకెళ్ళం అన్న సంకోచం వదలండి. ఎవరితోనైనా ముందు మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

డాక్టరు ముందు కూర్చోగానే పిల్లలు టిక్స్ బిగబట్టేస్తారు. మేము విశాఖ దాకా వెళ్ళి, ఒక్క టిక్ కూడా చూపించలేక తిరిగొచ్చిన రోజుంది. అందుకని ఇంట్లో బిడ్డకు చెప్పి, ఒప్పించి, ఫోనులో రెండు మూడు చిన్న వీడియోలు తీసి ఉంచుకోండి. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడెప్పుడు పెరిగింది, ఆ వారాల్లో జ్వరం వచ్చిందా, పరీక్షలా, ఊరి ప్రయాణమా అన్నది ఒక నోటుపుస్తకంలో తేదీలతో రాయండి. చేతిరాత ఈమధ్య మారిందనిపిస్తే మూడు నెలల కిందటి బడి నోటుపుస్తకాన్ని కూడా సంచిలో పెట్టుకోండి.